సర్వర్ గచ్చిబౌలిలో, మీరు కూకట్‌పల్లిలో: డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూడటం ఎలా

డిస్క్ నిండిపోయిందని సర్వర్ నేరుగా చెప్పదు. వెబ్‌సైట్ తెరుచుకుంటుంది, లాగిన్ మాత్రం అవ్వదు. డేటాబేస్ నడుస్తున్నట్టే ఉంటుంది, కొత్త బిల్లు సేవ్ చేయమంటే బిగుసుకుపోతుంది. లాగ్ తెరిస్తే ఏదో ఒక మూల 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని ఒక లైను కనిపిస్తుంది. అది కూడా, ఆ లైను రాసుకోవడానికి చోటు మిగిలి ఉంటేనే.

ఇది ఎక్కువగా మీరు ఇంటికొచ్చాకే బయటపడుతుంది. బయట వాన, సర్వర్ ఆఫీసులో ర్యాక్‌లో. జేఎన్‌టీయూ నుంచి గచ్చిబౌలి దాకా ఆ ట్రాఫిక్‌లో పడి వెళ్లక్కర్లేదు. కూర్చున్నచోటే పది నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది. కాకపోతే ఒక షరతు: చూడటానికి కూర్చున్నప్పుడు చూడటమే చేయండి. ఏ ఫైలు చోటు తింటోందో, దాన్ని ఏ ప్రోగ్రామ్ పట్టుకుని ఉందో తేలేదాకా దేన్నీ డిలీట్ చేయకండి. డిస్క్ నిండటం వల్ల పోయిన డేటా కంటే, నిండిందన్న కంగారులో చేత్తో తీసేసి పోగొట్టుకున్న డేటా ఎక్కువని నా అభిప్రాయం.

ఇంకో మాట. కమాండ్లను ఇక్కడ ఫోన్లో పక్కవాళ్లకి చెప్పినట్టు తెలుగులో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావాల్సినచోట అక్కడే చెప్తాను. గీతలు, గుర్తులు, అంకెలు, మధ్యలో ఖాళీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు కొట్టాలి.

లోపలికి వెళ్లడం

చేతిలో ఉండాల్సినవి: సర్వర్ అడ్రస్, మీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ లేదా కీ ఫైలు. చాలా ఆఫీసుల్లో వీటన్నిటికంటే ముందు వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) కలపాలి. వీపీఎన్ లేకుండా ప్రయత్నిస్తే ఎర్రర్ కూడా వెంటనే రాదు, స్క్రీన్ అలాగే నిలబడిపోతుంది. సర్వరే చచ్చిపోయిందనుకుని టెన్షన్ పడేముందు వీపీఎన్ చూసుకోండి.

లినక్స్ సర్వర్ అయితే ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంలో ఉన్న మెషిన్లో కమాండ్లు కొట్టే సురక్షితమైన దారి) వెళ్తాం. 2018 నుంచి విండోస్ 10లో, ఆ తర్వాత విండోస్ 11లో ఇది ముందే ఉంటోంది, విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు. పవర్‌షెల్ తెరిచి ఇలా కొట్టండి:

ఎస్ఎస్‌హెచ్ యూజర్‌పేరు@10.0.0.15

ఆ నంబరు స్థానంలో మీ సర్వర్ అడ్రస్ పెట్టుకోవాలి. అమీర్‌పేట కోచింగ్‌లో పుట్టీతో నేర్చుకుని దానికే అలవాటుపడినవాళ్లు దాన్నే వాడుకోవచ్చు, ఈ పనికి రెండూ ఒకటే. మామూలుగా పోర్ట్ 22. మీ ఆఫీసులో మార్చి ఉంటే -పీ పెట్టి ఆ నంబరు ఇవ్వాలి.

మొదటిసారి కలిసినప్పుడు ఒక పొడవాటి ఫింగర్‌ప్రింట్ చూపించి ఈ మెషిన్‌ని నమ్మాలా అని అడుగుతుంది. అది సహజమే. రోజూ వెళ్లే సర్వర్ ఇవాళ హఠాత్తుగా 'ఐడెంటిఫికేషన్ మారింది' అని పెద్ద హెచ్చరిక ఇస్తే మాత్రం ఆగండి. ఎవరైనా సర్వర్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేశారేమో టీమ్‌లో కనుక్కుని అప్పుడు ముందుకెళ్లండి.

లోపలికి వెళ్లగానే మొట్టమొదట కొట్టాల్సింది డిస్క్ కమాండ్ కాదు. 'హోస్ట్‌నేమ్' అని కొట్టండి. మీరు ఏ మెషిన్లో ఉన్నారో చెప్తుంది. రెండు నల్ల కిటికీలు పక్కపక్కన తెరుచుకుని ఉన్నప్పుడు ఏది టెస్ట్ సర్వరో, ఏది కస్టమర్లు వాడేదో రంగు చూసి పోల్చుకోలేం.

ఎంత మిగిలింది

ఇదిగో అసలు కమాండ్:

డీఎఫ్ -హెచ్

ఇది ఏమీ మార్చదు, ఏమీ తీసేయదు, ఎన్నిసార్లు కొట్టినా నష్టం లేదు. దీనికి అడ్మిన్ హక్కులు కూడా అక్కర్లేదు. ఒక పట్టిక వస్తుంది. అందులో వరసకి ఆరు గడులు: డిస్క్ పేరు, మొత్తం సైజు, వాడినది, మిగిలినది, వాడిన శాతం, చివర అది ఏ ఫోల్డర్ దగ్గర తగిలించి ఉందో. అలా తగిలించిన చోటుని మౌంట్ పాయింట్ అంటారు. చదవడం మాత్రం కుడి నుంచి ఎడమకి చదవండి. ముందు మౌంట్ పాయింట్, తర్వాత శాతం, తర్వాత మిగిలినది. డిస్క్ పేరు మీకు ఇప్పట్లో అవసరం పడదు.

ఉత్త గీత '/' ఒక్కటే ఉన్న వరస ప్రధానమైనది, దాన్నే రూట్ అంటారు. దాంతోపాటు /హోమ్, /వార్, /బూట్ లాంటివి విడి వరసలుగా కనిపిస్తే, అవి వేరే పార్టిషన్లని (డిస్క్‌లో విడగొట్టిన భాగాలని) అర్థం. ఇక్కడే చాలామంది తడబడతారు. రూట్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా /వార్ విడిగా ఉండి 100 శాతానికి చేరితే సర్వర్ ఆగిపోతుంది. ఒకదాని ఖాళీ ఇంకోదానికి పనికిరాదు. అందుకే 'డిస్క్‌లో ఎంత ఉంది' అని ఎవరైనా అడిగితే 'ఏ డిస్క్‌లో' అని తిరిగి అడగాలి.

పట్టికలో కొన్ని వరసలు ఉత్తుత్తివి. టీఎంపీఎఫ్ఎస్ అని ఉన్నవి మెమరీలో ఉండేవి, డిస్క్ మీద కాదు. ఉబుంటులో /డెవ్/లూప్ అని మొదలయ్యేవి ఎప్పుడు చూసినా 100 శాతమే చూపిస్తాయి. అవి స్నాప్ ప్యాకేజీలు (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వచ్చే ఒక పద్ధతి). ఇవి మార్చడానికి వీల్లేని ఫైళ్లుగా ఉంటాయి, కాబట్టి వాటిలో ఖాళీ ఉండదు, ఉండక్కర్లేదు కూడా. వాటిని చూసి భయపడి రాత్రి పదింటికి మేనేజర్‌కి ఫోన్ చేయకండి. ఇవి అడ్డంగా అనిపిస్తే ఇలా తీసేసి చూడొచ్చు:

డీఎఫ్ -హెచ్ -ఎక్స్ టీఎంపీఎఫ్ఎస్ -ఎక్స్ స్క్వాష్ఎఫ్ఎస్

ఇప్పుడు ఒక లెక్క. రూట్ వరసలో సైజు 98 జీబీ, వాడినది 60, మిగిలినది 33, శాతం 65 అని వచ్చిందనుకోండి. 60, 33 కలిపితే 93. మిగతా 5 జీబీ ఏమైంది? ఎవరూ దొంగిలించలేదు. ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లని పేర్చే పద్ధతి) మామూలుగా 5 శాతం చోటుని రూట్ యూజర్ (అంటే అడ్మిన్) కోసం దాచిపెడుతుంది. మామూలు యూజర్లు డిస్క్‌ని నింపేసినా అడ్మిన్ లోపలికి వచ్చి సర్దుకోవడానికి ఆ చోటు పనికొస్తుంది. శాతం కూడా 98 మీద కాదు, ఆ 93 మీద లెక్కేస్తుంది. రెడ్‌హ్యాట్ కుటుంబం లినక్స్‌లలో ఎక్కువగా వాడే ఎక్స్ఎఫ్ఎస్‌లో ఈ దాపరికం లేదు. కాబట్టి రెండు సర్వర్ల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చేముందు అవి ఏ రకమో చూడండి. డీఎఫ్ -హెచ్‌కి -టీ (టీ పెద్ద అక్షరం) కలిపితే రకం కూడా చూపిస్తుంది.

ఇంకో చిన్న తేడా. సికింద్రాబాద్ సీటీసీలో 1 టీబీ అని కొన్న డిస్క్ కంప్యూటర్లో 931 జీబీ అని కనిపిస్తే షాపువాడు మోసం చేశాడని అనుకోకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, ఈ కమాండ్ 1024తో లెక్కేస్తుంది. పెట్టె మీది అంకెలతో సరిపోవాలంటే హెచ్‌ని పెద్ద అక్షరంలో కొట్టండి.

కమాండ్ కొట్టాక ఏమీ రాకుండా వేలాడుతూ ఉంటే? ఇంకో మెషిన్ నుంచి నెట్‌వర్క్ ద్వారా తగిలించిన ఫోల్డర్ ఏదో ఉంది, ఆ రెండో మెషిన్ పలకడం లేదు, ఈ కమాండ్ దాని జవాబు కోసం ఎదురు చూస్తోంది. కంట్రోల్ సీ నొక్కి బయటికొచ్చి, డీఎఫ్ -హెచ్ -ఎల్ అని కొట్టండి. సొంత డిస్క్‌లే చూపిస్తుంది.

డిస్క్ పూర్తిగా నిండిన మెషిన్లో ఇంకో వింత చూస్తారు. ఫోల్డర్ పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే పేరు పూర్తికాకుండా, తాత్కాలిక ఫైలు తయారుచేయలేకపోయానని ఒక ఎర్రర్ వస్తుంది. కీబోర్డు పాడైందనుకోవద్దు. ఆ చిన్న పనికి కూడా చోటు లేదని అర్థం. అప్పటికి పేర్లు పూర్తిగా టైప్ చేసుకోవాల్సిందే.

ఖాళీ ఉన్నా నిండిందంటే

డీఎఫ్ -హెచ్ 40 శాతమే చూపిస్తోంది, అప్లికేషన్ మాత్రం చోటు లేదని గోల పెడుతోంది. ఇలాంటప్పుడు ఇది కొట్టండి:

డీఎఫ్ -ఐ

ఇది జీబీలు కాదు, ఫైళ్ల సంఖ్య చెప్తుంది. ప్రతి ఫైలుకీ డిస్క్‌లో ఒక ఐనోడ్ (ఆ ఫైలు వివరాలు రాసుకునే చిన్న గడి) కావాలి. ఎక్స్‌ట్4లో డిస్క్‌ని ఫార్మాట్ చేసినప్పుడే ఇవి ఎన్ని ఉండాలో ఖాయమైపోతుంది, మామూలుగా ప్రతి 16 కేబీకి ఒకటి చొప్పున. లక్షల కొద్దీ చిన్నచిన్న ఫైళ్లు చేరితే చోటు అయిపోకముందే ఐనోడ్లు అయిపోతాయి. పాత పీహెచ్‌పీ సైట్ల సెషన్ ఫైళ్లు, బయటికి వెళ్లలేక క్యూలో పేరుకుపోయిన మెయిళ్లు, ఎవరూ శుభ్రం చేయని క్యాష్ ఫోల్డర్లు సాధారణంగా దోషులు. ఏ ఫోల్డర్లో ఎన్ని ఉన్నాయో చూడటానికి కింద చెప్పబోయే డీయూ కమాండ్‌కి --ఐనోడ్స్ అని కలిపి, -హెచ్ తీసేస్తే చాలు.

ఎవరు తింటున్నారు

ఎంత మిగిలిందో తెలిసింది. ఇప్పుడు ఎక్కడ పేరుకుందో చూడాలి.

సుడో డీయూ -ఎక్స్ -హెచ్ -డీ 1 / | సార్ట్ -హెచ్

ముందున్న సుడో (అడ్మిన్ హక్కుతో నడపమని) లేకపోతే కొన్ని ఫోల్డర్లలోకి రానివ్వరు. పర్మిషన్ లేదనే లైన్లు వరసగా వచ్చి మొత్తం తప్పు చూపిస్తుంది. -ఎక్స్ అంటే ఈ ఒక్క పార్టిషన్లోనే తిరుగు, పక్కదానిలోకి వెళ్లకు అని. ఇది మర్చిపోతే నెట్‌వర్క్ మీద ఉన్న టెరాబైట్ల బ్యాకప్‌ని కూడా లెక్కపెడుతూ తెల్లవార్లూ కూర్చుంటుంది. -డీ 1 అంటే ఒక్క మెట్టు లోతు వరకే చూపించమని. చివర నిలువు గీత తర్వాతది సైజు ప్రకారం పేర్చుతుంది, పెద్దవి అడుగున వస్తాయి.

అడుగున /వార్ ఉందనుకోండి. అదే కమాండ్‌లో '/' బదులు /వార్ పెట్టి మళ్లీ కొట్టండి. అందులో /వార్/లాగ్ పెద్దదైతే దాంతో మళ్లీ. ఇలా మూడు నాలుగు సార్లు దిగితే అసలు ఫైలు దొరుకుతుంది. ఈ దిగడం విసుగనిపిస్తే ఎన్‌సీడీయూ అనే చిన్న టూల్ ఉంది. బాణం కీలతో ఫోల్డర్లలోకి వెళ్లి రావచ్చు, చూడటానికి చాలా సుఖంగా ఉంటుంది. అయితే అందులో డీ అక్షరం నొక్కితే డిలీట్ చేయాలా అని అడుగుతుంది. నిద్రమత్తులో ఉంటే -ఆర్ కలిపి తెరవండి, అప్పుడు చూడటమే తప్ప తీసేయడం కుదరదు. నిండిన డిస్క్‌లో కొత్త టూల్ ఇన్‌స్టాల్ చేయడం కూడా కుదరకపోవచ్చు, కాబట్టి ముందు చెప్పిన కమాండ్ వచ్చి ఉండటం మంచిది.

డీఎఫ్ క్షణంలో జవాబిస్తుంది, డీయూ అలా కాదు. ప్రతి ఫైలునీ తడిమి చూస్తుంది. పగలు కస్టమర్లు వాడుతున్న సర్వర్ మీద దీన్ని రూట్ నుంచి నడిపితే డిస్క్ మీద భారం పడి అప్లికేషన్ నెమ్మదిస్తుంది. తప్పనిసరైతే సుడో తర్వాత 'ఐఓనైస్ -సీ 3' అని చేర్చండి. మిగతావాళ్ల పని అయ్యాకే డిస్క్‌ని వాడుకోమని చెప్పినట్టు. డిస్క్ సెట్టింగును బట్టి కొన్ని మెషిన్లలో దీని ప్రభావం ఉండదు, అలాంటప్పుడు అనుమానం ఉన్న ఫోల్డర్‌నే చూడటం మేలు.

రెండు లెక్కలు కలవకపోతే

అసలు తెలివి చూపించాల్సింది ఇక్కడ. డీఎఫ్ 90 జీబీ వాడారంటుంది. డీయూ మొత్తం కూడితే 50 జీబీయే తేలుతుంది. రెండూ నిజమే చెప్తున్నాయి. డీయూ ఫోల్డర్లలో పేరున్న ఫైళ్లని లెక్కపెడుతుంది, డీఎఫ్ డిస్క్ మీద నిజంగా ఆక్రమించిన చోటుని చెప్తుంది. మధ్యలో ఉన్న 40 జీబీ చాలాసార్లు పేరు లేని ఫైళ్లది.

పేరు లేని ఫైలంటే ఏమిటో ఎస్సార్ నగర్‌లో హాస్టల్‌లో ఉన్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. రిజిస్టర్లో పేరు కొట్టేశారు, మనిషి మాత్రం గది ఖాళీ చేయలేదు. రిజిస్టర్ ప్రకారం మంచం ఖాళీ, వెళ్లి చూస్తే ఎవరో పడుకుని ఉన్నారు. లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైలుని తెరిచి రాస్తూ ఉండగా మీరు దాన్ని డిలీట్ చేస్తే పేరు పోతుంది, చోటు పోదు. ఆ ప్రోగ్రామ్ దాన్ని వదిలేదాకా డిస్క్‌కి ఆ చోటు తిరిగిరాదు. పెద్ద లాగ్ ఫైలుని ఎవరో తీసేసి, 'తీసేశాను సార్, అయినా ఖాళీ కాలేదు' అన్నారంటే నూటికి తొంభై ఇదే కేసు.

కనుక్కోవడానికి:

సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1

ఇక్కడ + తర్వాతి ఎల్ మాత్రం పెద్ద అక్షరం. పేరు పోయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా వస్తుంది, ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో దాని నంబరుతో సహా. సైజు గడి చూసి పెద్దదాన్ని పట్టుకోండి. ఆ సర్వీసుని రీస్టార్ట్ చేస్తే చోటు వెంటనే తిరిగొస్తుంది. ఇంజిన్ఎక్స్ (nginx అని రాసే వెబ్ సర్వర్) లాంటి వాటికి ఆపకుండానే లాగ్‌ని మళ్లీ తెరవమని చెప్పే మార్గం ఉంది: సుడో ఇంజిన్ఎక్స్ -ఎస్ రీఓపెన్. డేటాబేస్ అయితే మీ అంతట మీరు రీస్టార్ట్ చేయొద్దు, దాని బాధ్యత చూసేవాళ్లకి ఫోన్ చేయండి. ఆ ఫోన్ ఎంత రాత్రయినా తప్పులేదు.

ఈ జాబితా ఖాళీగా వచ్చి కూడా లెక్క తేలకపోతే రెండో అనుమానం మౌంట్ పాయింట్ల మీదకి వెళ్లాలి. /బ్యాకప్ అనే ఫోల్డర్ దగ్గర వేరే డిస్క్ తగిలించాల్సింది, ఒకరోజు అది తగలకుండా సర్వర్ లేచింది. ఆ రోజు బ్యాకప్ అంతా రూట్ డిస్క్ మీదే పడింది. తర్వాత డిస్క్ తగిలింది, దాని కింద ఆ పాత ఫైళ్లు కప్పబడిపోయాయి. రూట్‌ని ఇంకోచోట తాత్కాలికంగా బైండ్ మౌంట్ చేసి (అదే ఫోల్డర్‌ని రెండో చోట కూడా కనిపించేలా తగిలించి) చూస్తే అవి బయటపడతాయి.

ఏది తీయొచ్చు, ఏది ముట్టుకోకూడదు

కొన్ని నిర్భయంగా తగ్గించొచ్చు. సిస్టమ్ జర్నల్ (సర్వర్ సొంత లాగ్) ఎంత తింటోందో 'జర్నల్‌సీటీఎల్ --డిస్క్-యూసేజ్' చెప్తుంది. అది మామూలుగా డిస్క్‌లో పదో వంతు వరకు, గరిష్ఠంగా 4 జీబీ వరకు పెరుగుతుంది. --వ్యాక్యూమ్-సైజ్=500ఎం అని ఇస్తే (ఎం పెద్ద అక్షరం, ముందు సుడో) పాతవి తీసేసి తగ్గిస్తుంది. ఉబుంటులో 'సుడో ఏపీటీ క్లీన్' దించుకున్న ప్యాకేజీ ఫైళ్లని ఖాళీ చేస్తుంది. /బూట్ నిండితే పాత కెర్నల్స్ (లినక్స్ మూల ప్రోగ్రామ్ పాత వెర్షన్లు) పేరుకున్నాయని అర్థం. 'సుడో ఏపీటీ ఆటోరిమూవ్' వాటిని పద్ధతిగా తీస్తుంది, చేత్తో తీయకండి, సర్వర్ మళ్లీ లేవకపోవచ్చు.

డాకర్ (అప్లికేషన్లని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే టూల్) ఉన్న మెషిన్ అయితే ముందు 'డాకర్ సిస్టమ్ డీఎఫ్' కొట్టండి. ఇమేజీలు, కంటైనర్లు, వాల్యూములు, బిల్డ్ క్యాష్ విడివిడిగా ఎంత ఉన్నాయో, వాటిలో తిరిగి రాబట్టగలిగేది ఎంతో చూపిస్తుంది. /వార్/లిబ్/డాకర్ లోపలికి వెళ్లి ఫోల్డర్లు చేత్తో తీసేయడం మాత్రం చేయకూడని పని. ఇంకోటి: డాకర్ మామూలు సెట్టింగులో కంటైనర్ల లాగ్‌కి సైజు పరిమితి లేదు. ఎవరో ఒకరు ఆ పరిమితి పెట్టేదాకా అది పెరుగుతూనే ఉంటుంది.

పెరిగిపోయిన లాగ్ ఫైలుని తీసేయడం కంటే లోపల ఖాళీ చేయడం నయం: సుడో ట్రంకేట్ -ఎస్ 0, తర్వాత ఫైలు పూర్తి దారి. పేరు ఉంటుంది, ప్రోగ్రామ్ పట్టు ఉంటుంది, చోటు మాత్రం వస్తుంది. అయితే ఆ లాగ్ ఎందుకు పెరిగిందో చివరి వెయ్యి లైన్లు మీ ల్యాప్‌టాప్‌కి తెచ్చుకున్నాకే చేయండి. లేకపోతే రేపు మళ్లీ ఇదే కథ, కారణం మాత్రం దొరకదు.

మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్లో బిన్‌లాగ్ (డేటాబేస్‌లో జరిగిన మార్పుల రికార్డు) అని వరస నంబర్లతో పెద్దపెద్ద ఫైళ్లు కనిపిస్తాయి. లాగ్ అని పేరుంది కదా అని తీసేయకండి. రెప్లికా సర్వర్లు (డేటాబేస్ నకలు ఉంచుకునేవి), బ్యాకప్‌లు వాటి మీదే ఆధారపడతాయి. 8.0 వెర్షన్లో ఇవి మామూలుగా 30 రోజులు ఉంటాయి. తగ్గించాలంటే డేటాబేస్ లోపలి నుంచే చెప్పాలి.

అమెజాన్, అజూర్ లాంటి చోట ఉంటే

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. సర్వర్ అక్కడున్నా, ముంబయిలో ఉన్నా పైన చెప్పిన కమాండ్లే. కాకపోతే డాష్‌బోర్డులో కనిపిస్తుందిలే అనుకోవద్దు. వాళ్ల పర్యవేక్షణ టూల్ క్లౌడ్‌వాచ్ దానంతటదే సీపీయూ, నెట్‌వర్క్, డిస్క్ చదివిన రాసిన లెక్కలు ఇస్తుంది కానీ, లోపల ఎంత శాతం నిండిందో చెప్పదు. దానికి సర్వర్ లోపల ఏజెంట్ ఇన్‌స్టాల్ చేయాలి.

కన్సోల్‌లో వాల్యూమ్‌ని 50 నుంచి 100కి పెంచి, డీఎఫ్ ఇంకా 50యే చూపిస్తోందని అయోమయపడటం మామూలే. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' కొట్టి చూడండి. డిస్క్ 100, దాని కింద పార్టిషన్ 50 అని ఉంటే పార్టిషన్‌ని గ్రోపార్ట్‌తో, ఆ తర్వాత ఫైల్ సిస్టమ్‌ని రీసైజ్2ఎఫ్ఎస్‌తో (ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఎక్స్ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్‌తో) పెంచాలి. రూట్ పూర్తిగా నిండి ఉంటే గ్రోపార్ట్ కూడా చోటు లేదని మొరాయిస్తుంది. కొన్ని ఎంబీలు ముందే ఖాళీ చేసి పెట్టుకోండి. పెంచిన వాల్యూమ్‌ని మళ్లీ తగ్గించడం కుదరదు, కాబట్టి ఒకేసారి నాలుగింతలు చేయకండి, బిల్లు ప్రతి నెలా వస్తుంది.

విండోస్ సర్వర్ అయితే

రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లి దిస్ పీసీ తెరిస్తే ఎర్రగా మారిన డ్రైవ్ కనిపిస్తుంది. ఒక్క మెషిన్‌కి అది చాలు. పది మెషిన్లుంటే పవర్‌షెల్ నయం:

గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్ విన్32_లాజికల్‌డిస్క్ -కంప్యూటర్‌నేమ్ సర్వర్‌పేరు -ఫిల్టర్ "డ్రైవ్‌టైప్=3"

ఇక్కడ చిన్న పెద్ద అక్షరాల తేడా లేదు. 3 అంటే హార్డ్‌డిస్క్‌లు మాత్రమే, సీడీ డ్రైవులూ నెట్‌వర్క్ డ్రైవులూ వద్దని. జవాబు బైట్లలో వస్తుంది, వరసగా అంకెలు చూసి కళ్లు తిరుగుతాయి. 1జీబీతో భాగిస్తే (పవర్‌షెల్‌కి ఆ మాట అలాగే అర్థమవుతుంది) చదవగలిగే సంఖ్య వస్తుంది. ఇది పనిచేయాలంటే అవతలి మెషిన్లో విన్ఆర్ఎం (దూరం నుంచి ఇచ్చే కమాండ్లు అందుకునే సర్వీసు) నడవాలి, పోర్ట్ 5985 తెరిచి ఉండాలి. సర్వర్ 2012 నుంచి సర్వర్లలో అది ముందే ఆన్‌లో ఉంటుంది, మామూలు డెస్క్‌టాప్‌లలో ఉండదు. పాతకాలం డబ్ల్యూఎంఐసీ కమాండ్‌ని కొత్త విండోస్ 11లో తీసేస్తున్నారు, కొత్తగా నేర్చుకునేవాళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఏదీ కుదరకపోతే, అదే నెట్‌వర్క్‌లో అడ్మిన్ హక్కు ఉంటే, కమాండ్ ప్రాంప్ట్‌లో డీఐఆర్ \\సర్వర్‌పేరు\సీ$ అని కొట్టండి. చివరి లైన్లో ఎన్ని బైట్లు ఖాళీయో ఉంటుంది.

విండోస్‌లో చూడాల్సిన చోట్లు రెండే రెండు చెప్తాను. ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) లాగ్‌లు ఐనెట్‌పబ్ కింద ఉంటాయి, వాటంతటవి పోవు. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ ఫుల్ రికవరీలో ఉండి లాగ్ బ్యాకప్ తీయకపోతే ఆ లాగ్ ఫైలు పెరుగుతూనే పోతుంది. ఆ ఫైలుని తీసేయడం పరిష్కారం కాదు, బ్యాకప్ పెట్టించడం పరిష్కారం. విండోస్ సొంత ఫైళ్లుండే విన్ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ భారీగా కనిపిస్తుంది. ఒకే ఫైలు రెండు పేర్లతో లెక్కలోకి రావడం వల్ల అది నిజం కంటే పెద్దగా చూపిస్తుంది, దాన్ని వదిలేయండి.

వరంగల్‌లో నాన్నగారి కంప్యూటర్ చూడాలంటే ఇవేవీ అక్కర్లేదు. విండోస్‌లోనే క్విక్ అసిస్ట్ ఉంది. మీరు కోడ్ చెప్తారు, ఆయన అక్కడ కొడతారు, స్క్రీన్ మీకు కనిపిస్తుంది. అదే సమయంలో ఇంకో మాట కూడా చెప్పండి: బ్యాంకు నుంచి అనో, కంపెనీ నుంచి అనో ఫోన్ చేసి ఇలాంటి కోడ్ కొట్టమని అడిగేవాళ్లకి స్క్రీన్ ఇవ్వొద్దని. బేగంబజార్ షాపులో సీసీ కెమెరా రికార్డర్ డిస్క్ నిండిందని చూపిస్తే కంగారు అక్కర్లేదు, పాతవాటి మీదే రాసుకుంటూ పోవడం దాని పద్ధతి. ఓవర్‌రైట్ ఆన్‌లో ఉందా లేదా అన్నదే చూడాలి.

ముందే తెలియాలంటే

80 శాతం దాటితే మెయిల్ వచ్చేలా పెట్టుకోవడం అందరూ చేసేదే, చేయండి. కానీ శాతం ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. 2 టీబీ డిస్క్‌లో 10 శాతం అంటే 200 జీబీ, నెలలపాటు సరిపోవచ్చు. 20 జీబీ డిస్క్‌లో అదే 10 శాతం ఒక రాత్రిలో పోతుంది. రోజుకి ఎంత పెరుగుతోందో తెలియాలి. దానికి మీ ల్యాప్‌టాప్ నుంచే రోజూ ఒకసారి ఇది నడపండి:

ఎస్ఎస్‌హెచ్ యూజర్‌పేరు@10.0.0.15 "డేట్; డీఎఫ్ -హెచ్ /" >> డిస్క్.టీఎక్స్‌టీ

కొటేషన్ గుర్తుల మధ్యది సర్వర్‌లో నడుస్తుంది, ఆ తర్వాతి రెండు బాణాలు జవాబుని మీ మెషిన్లోని ఫైల్లో చేరుస్తాయి. నిండిపోతున్న డిస్క్ లెక్కని ఆ డిస్క్ మీదే రాసుకోకుండా ఉండటానికే ఇలా. పాస్‌వర్డ్ అడగకుండా కీ ఫైలు పెట్టుకుంటే టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగించొచ్చు.

నెల తిరిగాక ఆ ఫైలు తెరవండి. రోజుకి 2 జీబీ చొప్పున పెరుగుతూ 33 జీబీ మిగిలి ఉంటే చేతిలో ఉన్నది 16 రోజులు. ఆ తేదీ వేసి మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. 'డిస్క్ తక్కువగా ఉంది' అన్న మెయిల్‌కి రాని అప్రూవల్, 'ఫలానా తేదీన బిల్లింగ్ ఆగిపోతుంది' అన్నదానికి సాయంత్రంలోపే వస్తుంది.